దారం అటు, మూట ఇటు

నేను పాఠాలు మానేసి గదులు కట్టే పనిలో పడ్డానని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాడు. పాఠాలేమీ మానలేదు. పొద్దున కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. సాయంత్రాలూ ఆదివారాలూ తొండుపల్లిలో ఒక ఖాళీ దుకాణం షట్టర్‌లో ప్లైవుడ్ చెక్కలకు మేకులు కొట్టేదాన్ని.

దీనికంతటికీ కారణం మా మేనకోడలు. ఒక సెలవు రోజున నన్ను సిటీలో ఒక మాల్‌కి లాక్కెళ్లింది. అక్కడ ఎస్కేప్ రూమ్ అని ఒకటుంది. మనల్ని ఒక గదిలో పెట్టి తలుపు వేసేస్తారు. లోపల దాచిన చిక్కులన్నీ విప్పుకుంటూ పోతే చివరికి తాళం తెరుచుకుంటుంది. ఫిజిక్స్ పుస్తకం చూస్తేనే తలనొప్పి తెచ్చుకునే ఆ పిల్ల, అక్కడ ఒక అద్దాన్ని పట్టుకుని వెలుతురు ఎటు మళ్లుతుందో చూస్తూ అరగంటసేపు నేల మీద పాకింది. నేను చిక్కు మానేసి ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను. మా కాలేజీలో ఏటా సైన్స్ ప్రదర్శన పెడతాం. పిల్లలు చార్టులు గీస్తారు. తల్లిదండ్రులు వస్తారు, చార్టుల ముందు నిలబడి తలాడిస్తారు, తర్వాత బయట మజ్జిగ ఎక్కడిస్తున్నారో అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కరైనా చార్టు ముందు నేల మీద పాకడం నేను చూడలేదు.

ఈ మాట కాలేజీలో ఒక్కరితోనే అన్నాను. ఆమె నాకంటే చాలా చిన్నది, మా డిపార్ట్‌మెంట్‌లోనే లెక్చరరు. పుట్టింది మహేశ్వరం దగ్గరి పల్లెలో, వ్యవసాయం ఇంట్లో. తొండుపల్లికి కోడలుగా వచ్చింది. నేనేమో తెనాలి నుంచి వచ్చి శంషాబాద్‌లో స్థిరపడిన మనిషిని. నా మాటలోని పొందిక చూసి మొదట్లో ఆమె నాకు కొంచెం దూరంగా ఉండేది. ఆ రోజు మాత్రం పేపర్లు దిద్దడం ఆపి, "మేడమ్, మా చినమామ శెటర్ ఖాళీగ ఉన్నది. టైల్స్ దుకాణం ఎత్తేసిన్రు. అడగనా?" అంది.

అలా మొదలైంది. షట్టరు సర్వీసు రోడ్డు పక్కనే. విమానం దిగుతున్నప్పుడల్లా రేకు గడగడలాడేది. మూలల్లో ఇంకా పగిలిన టైల్స్ ఉండేవి. వాటినే తునకలు చేసి తూకం చిక్కుకు బరువులుగా వాడుకున్నాం. అంచెలంచెలుగా ఐదారు చిక్కులు పెట్టాం. సన్నటి గొట్టం అడుగున తాళంచెవి, పైన చెయ్యి దూరదు, పక్కన నీళ్ల చెంబు. తాళంచెవికి బెండు ముక్క కట్టి ఉంటుంది. నీళ్లు పోయాలని తడితే అదే తేలి పైకొస్తుంది. అలాంటివి.

సూచనలన్నీ నేనే రాశాను. మా సహోద్యోగిని వాటిని చదివింది. తర్వాత మెల్లగా, "మేడమ్, డోలనం అంటే మా అత్తకు తెల్వదు. ఊపు అని రాస్త," అంది. కాగితం మీద నా మాటలు సగం పోయాయి. మంచిదే అయింది.

మొదటివారం వచ్చిన వాళ్లు మమ్మల్ని బాగా పరేషాన్ చేశారు. విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే కుర్రాళ్లు కొందరు వచ్చి బుద్ధి వాడే చోటల్లా బలం వాడారు. ఒక కుటుంబం ఎవరినో విమానం ఎక్కించి తిరిగి వెళ్తూ బోర్డు చూసి ఆగింది. ఆ నాన్నగారు పిల్లల చేతిలోంచి అన్నీ లాక్కుని తనే చేసేసి, బయటికొచ్చి పిల్లలకు ఏమీ రాదని మాతో ఫిర్యాదు చేశాడు. ఊళ్లోని ఆడవాళ్లయితే అసలు లోపలికే రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "తలుపెందుకు మూస్తరు?" అని అడిగేవాళ్లు. తెరిచి ఉంచితే ఆట ఉండదని నేను చెప్పేదాన్ని. "మూస్తే మేముండం," అనేవాళ్లు.

అందుకని తలుపు పక్కన ఒక ఆకుపచ్చ బటన్ పెట్టాం. భయమేసినా, ఉక్కపోసినా, పొయ్యి మీద పాలు గుర్తొచ్చినా అది నొక్కితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. ఈ సంగతి చెప్పి, లోపల కెమెరా ఉందనీ, మేం వెనక నుంచి ఫోన్‌లో చూస్తుంటామనీ కూడా చెప్పి మొదటి జట్టును పంపాం. తలుపు మూసిన మరుక్షణం అందులో ఒక ముసలామె తిన్నగా వెళ్లి బటన్ నొక్కి బయటికొచ్చింది. "గింతేనా? నేనే గెలిచిన," అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుతోనే మిగిలిన వాళ్లకు భయం పోయింది. తర్వాత మహిళా సంఘంలోని వాళ్లు వాళ్లంతట వాళ్లే ఒక ఆదివారం ఖాయం చేసుకుని వస్తామన్నారు.

ఇక్కడ చివరి చిక్కు గురించి చెప్పాలి. జరిగిందంతా దాని దగ్గరే.

గదిని ప్లైవుడ్ అడ్డుగోడతో రెండుగా చేశాం. ఒక వైపు పైకప్పుకు కట్టిన తాడుకు పెద్ద ఇసుక మూట వేలాడుతుంటుంది. ఆ మూటకు కుట్టుమిషను దారం ఒకటి కట్టి, అడ్డుగోడలో చిన్న కన్నం గుండా రెండో వైపుకు తెచ్చాం. మూటను ఊపి ఊపి, గోడకు వేలాడే ఇత్తడి పళ్లేనికి తగిలేట్టు చేయాలి. పళ్లెం మోగితే తలుపు తెరుచుకుంటుంది. మూట బరువు ఒక మనిషి ఎత్తలేనంత. దారమేమో గట్టిగా లాగితే తెగిపోతుంది. మెల్లగా లాగాలి, అదీ మూట తన వైపు వస్తున్నప్పుడే లాగాలి. అటు పోతున్నప్పుడు లాగితే ఉన్న ఊపు కూడా తగ్గుతుంది. కానీ దారం పట్టుకున్న మనిషికి మూట కనపడదు. మూట దగ్గర నిలబడిన మనిషి చూసి చెప్పాలి. అందుకే కనీసం ఇద్దరు కావాలి. మూట చుట్టూ నేల మీద హద్దు గీత గీశాం. తెగిన దారం ముడేయడానికి తప్ప మూటను ముట్టుకోకూడదు.

ఆ ఆదివారం సంఘం వాళ్లు బాగానే వచ్చారు. ముగ్గురేసి చొప్పున పంపాలని నేనే వరసలో నిలబడిన వాళ్లను నిలబడినట్టుగా విడదీశాను. మా సహోద్యోగిని వెనక కొత్త దారాలు చుడుతోంది. మూడో జట్టు లోపలికి వెళ్లి తలుపు పడ్డాక ఆమె వచ్చి ఫోన్‌లోకి చూసి నిలబడిపోయింది.

"ఈ ఇద్దర్ని ఎందుకు కలిపిన్రు మేడమ్?"

"ఏమైంది?"

"యారాండ్లు వాళ్లు. ఏండ్లయింది మాట్లాడుకోక."

మా వైపు తోడికోడళ్లంటాం. అన్నదమ్ముల భార్యలు. ఒకే ఇంటిని రెండు చేసుకుని, వాకిట్లో మధ్యన గోడ కట్టుకుని పక్కపక్కనే ఉంటున్నారు. కారణమేమిటని అడిగితే ఆమె గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ల అత్త దవాఖానలో ఉన్నప్పుడు చిన్నకోడలు దగ్గరుండి చూసుకుందట. పెద్దకోడలు ఇంటి దగ్గర పిల్లల్నీ పశువుల్నీ చూసుకుందట. ప్రాణం పోయేటట్టుందని కబురందాక పెద్దకోడలు బయల్దేరి వెళ్లేసరికి అంతా అయిపోయింది. వార్డు ముందర బంధువులందరి మధ్య చిన్నకోడలు, "అంత అయినంక వచ్చినవా," అందట. అంతే. అన్నదమ్ములు కూడా అప్పటి నుంచి అంటీ ముట్టనట్టే ఉంటున్నారు.

"బయటికి పిలిచేద్దామా?" అన్నాను.

"ఇప్పుడు పిలిస్తే అందరికి తెలుస్తది. ఉండనియ్యున్రి. వాళ్లే బటన్ ఒత్తి వస్తరు."

ఎవరూ బటన్ నొక్కలేదు. మూడో మనిషి వాళ్ల వాడకట్టులోనే, అంటే వాళ్ల వీధిలోనే ఉండే అవ్వ, బాగా పెద్దావిడ. ఆమెకోసం అడ్డుగోడ చివర ఒక స్టూలు వేశాం. అక్కడి నుంచి రెండు వైపులూ కనిపిస్తాయి. మొదటి చిక్కులన్నీ కోడళ్లిద్దరూ ఒక్క మాట లేకుండా చేశారు. ఒకామె నీళ్లు పోస్తే ఒకామె తాళంచెవి తీసింది. ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోరు. ఒకామె నేల మీద పెడితే రెండో ఆమె అక్కడి నుంచి తీసుకునేది. ఏళ్ల నుంచీ అలవాటైన పనిలా చేశారు.

చివరి చిక్కు దగ్గర పెద్దామె దారం వైపు, చిన్నామె మూట వైపు వెళ్లారు. కావాలని కాదు, ఒకరున్న వైపు ఇంకొకరు ఉండకూడదని.

ప్లైవుడ్ గోడలు కాబట్టి మాకు మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"అవ్వా, మూట అటు పోతున్నది. వచ్చేటప్పుడు చెప్త, గుంజుమను," అంది చిన్నామె.

అవ్వ దారం వైపు తిరిగి, "వచ్చేటప్పుడు గుంజాల్నట బిడ్డా," అంది.

"ఎప్పుడొస్తదో చెప్పుమను."

"ఎప్పుడొస్తదో చెప్పాల్నట."

"ఇగో, వచ్చింది. గుంజుమను."

"గుంజు."

పెద్దామె లాగింది. కానీ ఆ మాట అవ్వ దగ్గరికి పోయి, అక్కడి నుంచి పెద్దామె దగ్గరికి వచ్చేలోగా మూట అప్పుడే వెనక్కి తిరిగింది. కాస్తో కూస్తో పుట్టిన ఊపు కూడా చచ్చిపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. మూడోసారి పెద్దామె విసుగ్గా లాగేసరికి దారం పుటుక్కుమంది.

"తెగింది," అంది పెద్దామె.

"తెగిందట," అంది అవ్వ.

"నాకు ఇనవడ్డది అవ్వా," అంది చిన్నామె.

మా సహోద్యోగిని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. చిన్నామె మూట పక్కన మేం ఉంచిన దారపు ఉండ నుంచి కొత్త దారం తీసి మూటకు ముడేసింది. కొసను కన్నంలోంచి అటు తోసింది. కొస సరిగ్గా రాలేదు, వంగిపోయింది. మళ్లీ నోట్లో తడిపి తోసింది. పెద్దామె కన్నం దగ్గర వేళ్లు పెట్టి, కొస కనపడగానే అందుకుంది.

ఇంకో దారం కూడా తెగింది. అవ్వ ఇక పడలేకపోయింది. "నాకు నోరు నొస్తున్నది. మీకిద్దరికి నోర్లు లేవా? నేను పోయి ఆ బటన్ ఒత్తుత," అంటూ మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

"వద్దవ్వా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అవ్వ కూర్చుంది. మాకు మూట తాడు కిర్రుమనే చప్పుడే వినిపించింది. ఒక విమానం దిగింది, రేకు అదిరి ఆగింది.

"గుంజు," అంది చిన్నామె. ఎవరినీ పిలవలేదు. మూటను చూస్తూ అంది.

దారం కదిలింది.

"గుంజు."

మళ్లీ కదిలింది. ఇప్పుడు వేళ తప్పడం లేదు. మొదట మూట కదులుతున్నట్టే తెలియలేదు. తర్వాత తెలిసింది.

"ఎంత పోతున్నది?" అంది పెద్దామె. అవ్వను అడగలేదు. ప్లైవుడ్‌ను అడిగినట్టు అడిగింది.

"జానెడు."

"గుంజు... గుంజు..." చిన్నామె చెబుతూనే ఉంది.

"ఇప్పుడు?"

"మూరెడు. గట్టిగ గుంజకు, తెగుతది. అట్లనే. గుంజు. గుంజక్కా."

ఆ అక్కా అన్న మాట ఎలా వచ్చేసిందో వచ్చేసింది. పెద్దామె చెయ్యి ఆ ఒక్కసారీ ఆగింది. ఒక ఊపు పోయింది. తర్వాతి పిలుపుకు ఆమె మళ్లీ లాగింది. మూట గోడ దాకా వెళ్లి పళ్లేన్ని తాకింది. మరీ గట్టిగా ఏం మోగలేదు. తలుపు మాత్రం తెరుచుకుంది.

మా ఏర్పాటు ప్రకారం బయట చాయ్ తాగుతూ లోపల జరిగిన దాని వెనక ఫిజిక్స్ ఏమిటో మాట్లాడుకోవాలి. ఆ భాగమే నాకు అన్నిటికంటే ఇష్టం. ఆ రోజు మాత్రం నేను చాయ్ గ్లాసులు అందిస్తూ ఉండిపోయాను. చిన్నామె చాయ్ తీసుకుని అరుగు ఆ చివరకు వెళ్లింది. పెద్దామె ఈ చివర కూర్చుంది. అడిగింది పెద్దామే.

"అంత బరువు మూట. ఆ దారమేమో ఊదితే తెగేటట్టున్నది. ఎట్ల కదిలింది?"

చెప్పాను. ప్రతి లాగుడూ చాలా చిన్నదే. కానీ మూటకు తనదైన ఒక వేళ ఉంటుంది, వచ్చి పోయే వేళ. దానికి తగ్గట్టు లాగితే ఒకదానికొకటి కలుస్తూ పోతుంది. దీన్ని పుస్తకంలో అనునాదం అంటాం. పిల్లల్ని ఉయ్యాల ఊపేటప్పుడు అందరం చేసేది ఇదే.

"వేళ తప్పి గుంజితే?"

"ఉన్నది కూడా తగ్గిపోతుంది."

ఆమె తలూపి చాయ్ తాగింది. చిన్నామె అటు తిరిగే ఉంది, కానీ వింటోందని తెలుస్తూనే ఉంది. పెద్దామె అవ్వను తీసుకుని ఆటో ఎక్కింది. చిన్నామె నడిచి వెళ్లింది.

కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం పెద్దామె ఒక్కతే వచ్చింది. ఆ రోజు గదికి ఎవరూ రాలేదు. మేమిద్దరం తెగిన దారాలు ఏరుతున్నాం.

"మూట దిక్కు నేను సూడలే," అంది. "ఆమెకు ఏం కనవడ్డదో సూడాల్నని వచ్చిన."

మా సహోద్యోగిని దారం వైపు వెళ్లింది. పెద్దామె మూట ముందు నిలబడి, మొదట నెమ్మదిగా, తర్వాత సరిగ్గా గుంజు, గుంజు అని చెప్పింది. పళ్లెం మోగింది. ఆమె వెళ్లిపోలేదు. మూట ఊగి ఊగి ఆగేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది.

"ఆ రోజు ఆరాంఘర్ కాడ బస్సు కదల్లే మేడమ్," అంది.

ఏ రోజని నేను అడగలేదు.

"ఎంతసేపటికి కదల్లే. దిగి నడుసుకుంట పోయిన. చెప్పు తెగితే ఆడనే ఇడిసిపెట్టి పోయిన. పోయేటాలకు అయిపోయింది. ఎవ్వరు అడగలే ఎట్ల వచ్చినవని."

"ఆమెకు చెప్పినవా అక్కా?" అంది మా సహోద్యోగిని.

"అడిగితే కద చెప్పేది."

ఇన్నేళ్లుగా క్లాసులో నోరు ఆడించి బతుకుతున్న దాన్ని, ఆమెకు మంచినీళ్లు మాత్రం ఇచ్చాను. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, పశువులకు వేళయిందని లేచింది.

ఆమె వెళ్లాక మా ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. ఆమె మనల్ని నమ్మి చెప్పింది, మనలోనే ఉంచుకోవాలని నేనన్నాను. మా సహోద్యోగిని ఒప్పుకోలేదు. "మీరు అట్లనే అంటరు మేడమ్. మీకు రేపు పొద్దుగాల వాళ్ల మొఖాలు కనవడవు. నాకు దినాం కనవడతయి. మనకెందుకు చెప్పింది ఆమె? చెప్పుమనే చెప్పింది."

నేను ఇంటికొచ్చి ఆ రాత్రంతా అదే ఆలోచించాను. ఆమె మాటే నిజమనిపించింది గానీ, నేనైతే ఆ పని చేయగలిగేదాన్ని కాదు.

ఆమె చేసింది. పిండిగిర్ని దగ్గర చిన్నకోడలు కనిపిస్తే, బస్సు సంగతీ, నడక సంగతీ, చెప్పుల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నకోడలు పిండి డబ్బా మూత పెట్టడం ఆపి, "నడిచిందా?" అందట. రెండు మూడు రోజుల తర్వాత వాకిట్లో గోడ దగ్గర నిలబడి, "అక్కా, ఆ రోజు నువ్వు నడిచొచ్చినవంట. నాకు తెల్వదు," అందట. పెద్దామె బట్టలు ఆరేస్తూ, "ఇగ ఇప్పుడెందుకు లే," అందట. ఈ గోడ దగ్గరి మాటలు మా సహోద్యోగిని అత్త తన మేడ మీద నుంచి విన్నది.

వాళ్లిద్దరూ ఒక్కటైపోయారని నేను చెప్పలేను. గోడ అలాగే ఉంది. కానీ నీళ్ల ట్యాంకరు వస్తే ఒకరినొకరు కేకేసుకుంటారట. ఒకరింట్లో గ్యాసు అయిపోతే రెండో ఇంటి నుంచి తెచ్చుకుంటారట.

ఆ ఏడాది చివర్లో మా షట్టరు పోయింది. చినమామగారు దాన్ని కార్గో పార్సిళ్ల వాళ్లకు కిరాయికి ఇచ్చేశారు. ఆయన్ను తప్పుపట్టలేం, అన్నాళ్లు ఊరికే ఇచ్చారు. ప్లైవుడ్ విప్పి మా సహోద్యోగిని ఇంటి మేడ మీద పేర్చి, పైన పట్టా కప్పాం. అది చూసినప్పుడల్లా ఇద్దరికీ దిగులుగా ఉండేది. కాలేజీలో మళ్లీ చార్టులు మొదలయ్యాయి.

వేసవిలో చిన్నకోడలు మమ్మల్ని ఇంటికి పిలిచింది. కొత్తగా ప్లాట్లు వేసిన వెంచరు రోడ్డు మీద వాళ్ల వాటాకు వచ్చిన ప్లాటులో రెండంతస్తులు కట్టుకున్నారు, గృహప్రవేశం. వెళ్లేసరికి వెనక వాకిట్లో పొయ్యిలు మండుతున్నాయి. బగారన్నం గిన్నె దగ్గర పెద్దకోడలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. చిన్నకోడలు ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువే. "ఉప్పు సూడు," అంటే ఒకామె లేచి చూసి, "సాలు," అని మళ్లీ వెళ్లి కూర్చునేది. అన్నదమ్ములిద్దరూ ముందు వాకిట్లో చెరో గుంపులో కుర్చీలేసుకున్నారు.

పెద్దకోడలు మాకు తనే వడ్డించింది. వద్దంటున్నా వినకుండా ఇంకో గరిటె వేసి, మా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"మళ్ల గది ఎప్పుడు పెడ్తరు మేడమ్?"

"చోటు లేదు కదమ్మా. షట్టరు ఇచ్చేశాం."

ఆమె వెనక్కి తిరిగి చిన్నకోడలి వైపు చూసింది. చిన్నకోడలు కత్తిపీట మీది నుంచే, "కింద రెండు శెటర్లు ఉన్నయి మేడమ్. ఒకటి ఎట్లాగు ఖాళీగనే ఉంటది. మీరు పెట్టుకోన్రి," అంది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్న సంగతని అప్పుడు అర్థమైంది.

"మొదటి దినం మా ఇంటోళ్లను లోపలికి తోలున్రి," అంది పెద్దకోడలు. ముందు వాకిలి వైపు గరిటెతో చూపిస్తూ, "ఆ ఇద్దర్నే. మూడో మనిషిని పంపకున్రి," అంది.

చిన్నకోడలు ఉల్లిగడ్డల మీదికి వంగి నవ్వుకుంది. నాకు పొలమారితే మా సహోద్యోగిని నా వీపు తట్టింది.

మర్నాడే మా సహోద్యోగిని టేపు పట్టుకుని వెళ్లి ఆ షట్టరు పైకప్పు ఎత్తు కొలిచి నాకు ఫోన్ చేసింది. పాతదాని కంటే ఎక్కువే ఉందట, మూటకు కొత్త తాడు కొనాలంది.